గగనయానమున సహకారము

విమానము కూలినదని వినినంతనే యంత్రమేదియో చెడియుండునని మనము తలంతుము. కాని అనేక ప్రమాదములను నిపుణులు పరిశోధింపగా, యంత్రలోపముకంటె మనుష్యుల ఏమరుపాటే ప్రధాన కారణమని తేలినది. నేర్పరులు నడపు విమానములు సైతము ఏల ఆపదపాలగును? ఈ ప్రశ్నకు ఒక ప్రమాదము చక్కని సమాధాన మిచ్చుచున్నది.

1978వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన, అమెరికాలోని యునైటెడ్ సంస్థవారి విమానమొకటి 189 మందితో పోర్ట్‌లండు నగరమును సమీపించెను. దిగుటకై చక్రములను దింపగా పెద్ద చప్పుడయ్యెను; విమానము అదరెను. చక్రములు సరిగా దిగినట్లు తెలుపవలసిన దీపము వెలుగలేదు. కెప్టెను 27,000 గంటలకు పైగా విమానములు నడపిన అనుభవశాలి. అతడు విమానమును నగర సమీపముననే చుట్లు త్రిప్పుచు, చక్రముల సంగతి విచారించుటలోను, ప్రయాణికులను ఆపదకు సిద్ధపరచుటలోను నిమగ్నుడయ్యెను. ఇట్లు సుమారు ఒక గంట గడచెను.

ఈలోపున ఇంధనము తరిగిపోవుచుండెను. సహచాలకుడును, ఇంజనీరును ఆ సంగతి ఎరుగనివారు కారు. వారు దానిని మెల్లగా సూచించిరే కాని, వెంటనే దిగితీరవలెనని గట్టిగా చెప్పలేదు. కెప్టెనుకు ఆ సూచనల తీవ్రత తట్టలేదు. తుదకు ఇంజనులు ఒకటి తరువాత ఒకటి ఆగిపోయెను. విమానాశ్రయమునకు సుమారు ఆరు మైళ్ళ దూరమున విమానము చెట్లనడుమ కూలెను. పదిమంది మరణించిరి, వారిలో ఆ ఇంజనీరు ఒకడు. చక్రములు మాత్రము వాస్తవముగా దిగియే యుండెను!

ఆ ముగ్గురిలో ఎవరికిని పనితనము కొరవడలేదు. కొరవడినది సహకారము. 1979లో నాసా సంస్థ విమానయాన నిపుణులను సమావేశపరచి ఈ విషయమును చర్చింపజేసెను. 1981లో యునైటెడ్ సంస్థ తన చాలకులకు క్రొత్త శిక్షణ నారంభించెను. దీనినే నేడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అందురు. సిబ్బందిలో ప్రతివాని తెలివిని, చూపును, మాటను పూర్తిగా వినియోగించుకొనుటయే దీని సారము. నేలపైనున్న నమూనా విమానములో సిబ్బంది అందరును కలిసి కల్పిత ప్రమాదముల నెదుర్కొందురు. పిదప తమ తప్పొప్పులను తామే చర్చించుకొందురు. చిన్న ఉద్యోగి తన సందేహమును స్పష్టముగా చెప్పవలెను. చేయవలసిన దానిని సూచింపవలెను. సమాధానము వచ్చువరకు విడువరాదు. కెప్టెను అడిగి వినవలెను, విని నిర్ణయింపవలెను. అధికారము అతనిదే, కాని ఆలోచన అందరిది.

ఈ శిక్షణయొక్క విలువ 1989 జులై 19న వెల్లడియయ్యెను. అదే సంస్థవారి మరియొక విమానము 296 మందితో డెన్వరునుండి చికాగోకు పోవుచుండగా, తోకభాగమునందలి ఇంజను బ్రద్దలయ్యెను. విమానమును త్రిప్పు సాధనములన్నియు పనిచేయుట మానెను. అల్ హేన్స్ అను కెప్టెను సహచరుల సలహాలన్నిటిని స్వీకరించెను. ప్రయాణికులలో చాలకులకు శిక్షణనిచ్చు నిపుణుడొకడుండెను. అతడు సహాయము చేయుదునని కబురంపగా, వెంటనే రప్పించి ఇంజనుల శక్తిని హెచ్చించి తగ్గించు పనిని అతనికి అప్పగించెను. మిగిలిన రెండు ఇంజనుల బలముచేతనే వారు 44 నిమిషములు శ్రమించి విమానమును సూ సిటీ విమానాశ్రయమునకు చేర్చిరి. నేల తాకునప్పుడు అది విరిగి మండెను. 112 మంది మరణించిరి. అయినను 184 మంది బ్రతికిరి. అట్టి స్థితిలో విమానమును క్షేమముగా దింపుట దాదాపు అసాధ్యమని తరువాతి పరిశోధనలో తేలెను. ఈ శిక్షణ లేనియెడల తామంతవరకు రాగలిగెడివారము కామని హేన్స్ పలుమారులు చెప్పెను.

ఆపద ఎదుట నిలిచినప్పుడు అందరును మేల్కొనియుందురు. నిత్యము చేయు పనియందే ఏమరుపాటు మెల్లగా ప్రవేశించును. అందువలన ప్రతి ప్రయాణమునకు ముందు చాలకులు ఒక పట్టికను చదివి సరిచూచుకొందురు. ఒకరు చదువుదురు; రెండవవారు కన్నులార చూచి బదులు చెప్పుదురు. వేయిసార్లు సరిగా నున్న మీట నేడును సరిగానే యుండునని చూడకయే బదులు చెప్పినచో ఆ పట్టిక వ్యర్థము. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్ నగరమున చాలకులు ఈ పరీక్షను సరిగా జరుపలేదు. పైకెగురుటకు రెక్కల అంచులనున్న పలకలను చాపవలెను, వారు చాపలేదు. హెచ్చరిక చేయవలసిన యంత్రమును మ్రోగలేదు. విమానము కూలి 156 మంది మరణించిరి. అందలి ప్రయాణికులలో నాలుగేండ్ల బాలిక యొక్కతెయే బ్రతికెను.

మన దేశమునందును విమాన సిబ్బందికి ఈ సహకార శిక్షణ తప్పనిసరి. ఇందలి నీతి ఆకాశమునకే పరిమితము కాదు. ప్రయోగశాలలో గాని, ఆటస్థలమున గాని నలుగురు కలిసి పనిచేయునప్పుడు, కీడు కనబడినవాడు చిన్నవాడైనను వెంటనే చెప్పవలెను. విన్నవాడు పెద్దవాడైనను నామోషీ పడరాదు. సకాలమున పలికిన ఒక్క మాట, దానిని ఆలకించిన ఒక్క చెవి, అనేక ప్రాణములను నిలుపగలవు.