అమ్మ గోలీకి, నేను కొన్న గోలీకి పడదు

కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసి "మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా" అంది. హైదరాబాద్‌లో ఆఫీస్ క్యాబ్‌లో ఉన్న నేను వెంటనే రీల్స్ వెతికా. ‘కాల్షియం ఒక్కటే చాలదు. విటమిన్ కె2 లేకపోతే అది ఎముకల్లోకి కాకుండా రక్తనాళాల్లోకి పోతుంది’ అని ఒకాయన ఘంటాపథంగా చెప్పాడు. మూడు నెలలకు సరిపడా ఆర్డర్ పెట్టేశా.

మంచిపని ఏంటంటే, అమ్మ వేసుకునే ముందు ఆ డబ్బాను మెడికల్ షాపాయనకు చూపించింది. ఆయన నాకే ఫోన్ చేశాడు. "అమ్మగారికి గుండె వాల్వ్ మార్చిన్రు కదా సార్. రక్తం గడ్డకట్టకుండా గోలీ వేసుకుంటున్నరు. డాక్టర్‌ను అడగకుండా ఇది ఇయ్యకండి."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూర్చొని చదివా.

విటమిన్ కె లోని ‘కె’ అంటే కొయాగ్యులేషన్, అంటే గడ్డకట్టడం. డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ డామ్, కొవ్వు లేని దాణా తిన్న కోడిపిల్లల్లో రక్తస్రావం చూసి దీన్ని కనిపెట్టాడు. 1943 నోబెల్‌ను అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ డాయిసీతో పంచుకున్నాడు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లే కాదు, ఎముకలో కాల్షియాన్ని పట్టుకునే ఆస్టియోకాల్సిన్, నాళాల గోడల్లో కాల్షియం పేరుకోకుండా చూసే ఎంజీపీ కూడా ఈ విటమిన్‌తోనే పనిలోకి దిగుతాయి. ఇక్కడివరకు రీల్ అబద్ధం కాదు.

కానీ గోలీ మింగితే చాలు అంతా సెట్ అవుతుందా? డెన్మార్క్‌లోనే 365 మంది మగవాళ్లకు రెండేళ్లపాటు ట్రయల్ చేశారు. కొందరికి రోజూ 720 మైక్రోగ్రాముల కె2ను విటమిన్ డితో కలిపి ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి గోలీలు. 2022లో ఫలితం వచ్చింది: గుండె వాల్వ్‌లో కాల్షియం పేరుకోవడం నెమ్మదించలేదు.

అమ్మ సంగతి వేరే. ఆమె గోలీ పనే విటమిన్ కెను అడ్డుకోవడం. నేను కె2 ఇస్తే, ఒకరు సర్వీస్ ఆపుతుంటే ఇంకొకరు రీస్టార్ట్ కొట్టినట్టే. తేడా ఏంటంటే ఇక్కడ వాల్వ్ మీద రక్తం గడ్డకడుతుంది. అది మెదడుకు పోతే పక్షవాతం.

అప్పుడే ఒక పాత చిక్కుముడి విడిపోయింది. పోయిన వానాకాలం అమ్మ ఆదిలాబాద్‌లోని తల్లిగారింట్లో పది రోజులుండి వచ్చాక ఐఎన్ఆర్ టెస్ట్‌లో 1.7 వచ్చింది. డాక్టర్ చెప్పిన లెక్క 2.5 నుంచి 3.5. ఇప్పుడు అడిగితే, "రెండు పూటలా తోటకూర, పాలకూరే తిన్న" అంది. 100 గ్రాముల పచ్చి పాలకూరలో దాదాపు 480 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది. అమెరికాలో ఆడవాళ్లకు రోజుకు చెప్పే లెక్క 90.

అట్లని ఆకుకూరలు మానొద్దన్నారు డాక్టర్. ఒకరోజు గిన్నెడు, ఇంకోరోజు సున్నా కాకుండా, రోజూ ఒకే లెక్కన తినాలట. కొత్త గోలీ ఏదైనా, విటమిన్ అయినా సరే, ముందు ఆయనకు చెప్పాలట. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మందు వాడుతుంటే ఇది వాళ్లకూ వర్తిస్తుంది.

డబ్బా రిటర్న్ పెట్టా. అమ్మకు చెబితే ఒక్కటే అంది: "ఫోన్ల చూసి పంపుడు కాదు బిడ్డా. ఒక్కసారి వచ్చి దవాఖానకు తోలుకపో."

శనివారం బస్సుకు టికెట్ బుక్ చేశా.