పెంటమ్మ అంటే అర్థం ఏంటి? నవ్వే ముందు ఈ పేరు వెనకున్న కథ తెలుసుకోండి

ఓటరు లిస్టులోనో, రేషన్ కార్డులోనో 'పెంటమ్మ' అనే పేరు కనిపిస్తే ఈతరం పిల్లలు నవ్వేస్తారు. ఆ పేరున్న నానమ్మలు, అమ్మమ్మలు కూడా ఆఫీసుల్లో నలుగురి ముందు పేరు చెప్పాలంటే గొంతు తగ్గిస్తారు. కానీ ఇది తిట్టు కాదు, వెక్కిరింపు కాదు. బిడ్డను దక్కించుకోవడానికి కన్నవాళ్లు పెట్టుకున్న పేరు.

అసలు ఎందుకు పెట్టేవారు?

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే 'ఆ ఇంట్లో పిల్లలు నిలవడం లేదు' అనేవారు. అలాంటి ఇంట్లో మళ్లీ కాన్పు అయితే, పసిగుడ్డును చేటలో పెట్టి పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టేవారు. ఇంకో ఆడమనిషి ఎత్తుకొచ్చి తల్లి చేతికిచ్చేది. అంటే పారేస్తే దొరికిన బిడ్డ అన్నమాట! ఎవరికీ అక్కర్లేని బిడ్డ మీద దిష్టి పడదని, చావు కూడా వదిలేస్తుందని నమ్మకం. ఆడపిల్ల అయితే పెంటమ్మ, మగపిల్లాడు అయితే పెంటయ్య.

ఈ ఒక్క పేరే కాదు

ఎంగిలి విస్తళ్లలో పొర్లించిన పిల్లలకు పుల్లమ్మ, పుల్లయ్య అని పెట్టేవారు. ఉత్తరాంధ్రలో కాస్త తవుడు ఇచ్చి బిడ్డను కొన్నట్టు చేసి తవిటమ్మ, తవిటయ్య అనేవారు. బిచ్చమ్మ, భిక్షమయ్య కూడా ఈ కోవలోవే. తమిళంలో 'కుప్పై' అంటే చెత్త. కుప్పమ్మాళ్, కుప్పుస్వామి పేర్లు అలా వచ్చినవే.

పెంట అంటే చెత్తేనా?

రైతుకు పెంట అంటే పొలానికి బలమిచ్చే ఎరువు. నల్లమలలో చెంచుల గూడేలను కూడా 'పెంటలు' అనే పిలుస్తారు.

ఇప్పుడు ఎందుకు వినిపించడం లేదు?

శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లెక్కల ప్రకారం 1971లో దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకముందే చనిపోయారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. తెలంగాణలో 21. టీకాలు, ఆస్పత్రి కాన్పులు పెరిగాయి. బిడ్డ బతుకుతుందన్న ధైర్యం వచ్చాక ఇలాంటి పేర్లతో పని లేకుండా పోయింది.

పేరు మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. పేరు పూర్తిగా మారాలంటే గెజిట్ నోటిఫికేషన్ కావాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఉంటుంది. ఒక్క ఆధార్‌లో మార్చి బ్యాంకు ఖాతా, పింఛను, పట్టాదారు పాసుపుస్తకంలో పాత పేరే వదిలేస్తే, వివరాలు కలవక పెద్దవాళ్లే తిరగాల్సి వస్తుంది. అందుకే పిల్లలు నామోషీగా ఉందని తొందరపడకుండా, ముందు ఆమెకు ఇష్టమో కాదో అడగాలి.

మీ ఇంట్లోనూ పెంటమ్మ ఉంటే, తనకు ముందు ఎంతమంది పుట్టి పోయారో ఒకసారి అడిగి చూడండి. ఆ పేరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.