నొప్పుల గదిలో ఐసు ముక్క

కరీంనగర్ జిల్లాలో నూటికి 82 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తెలంగాణ రాష్ట్రంలో ఆ సంఖ్య దాదాపు 61, దేశం మొత్తం మీద 21కి కాస్త ఎక్కువ. ముహూర్తాల పట్టింపు, మొదటి కాన్పుకే పడిన కోత, ప్రైవేటు ఆసుపత్రుల తీరు, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. నొప్పుల భయం వాటిలో ఒకటి. దాన్ని పిరికితనమని కొట్టిపారేయడం అన్యాయం. అయినవాళ్లెవరూ పక్కన లేకుండా, ఉపశమనమే లేని గదిలో గంటల తరబడి ఓర్చుకోమంటే ఏ ఆడపిల్లయినా ఆపరేషనే నయమనుకుంటుంది. మామూలు కాన్పు మేలని చెప్పేవాళ్లు నొప్పికి ఏం చేస్తారో కూడా చెప్పాలి. చల్లదనం అందుకు చిన్నదే అయినా నిజమైన జవాబు.

పద్ధతి తేలిక. ఐసు ముక్కల్ని బట్టలో చుట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింది భాగంలో కొద్ది నిమిషాలు ఆనిస్తారు, లేదా చేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెత్తగా రుద్దుతారు. చల్లదనం తగిలినచోట నరాల వేగం మందగించి చర్మం తిమ్మిరెక్కుతుంది. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే బాధ తగ్గినట్టే, స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 2003లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో చేతికి ఐసుతో మర్దన చేయించుకున్న గర్భిణులు నొప్పి తగ్గిందని చెప్పారు. తర్వాత ఇరాన్‌లో జరిగిన పరీక్షల్లోనూ చల్లదనం మేలే చేసింది.

ఈ ఆధారాలు బలహీనమన్న అభ్యంతరం సరైనదే. అధ్యయనాలు చిన్నవి. ఆ అమెరికా పరిశీలనలో పోల్చి చూడటానికి మరో బృందమే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో మర్దన, వేడి కాపడం ఉన్నాయి గానీ ఐసు లేదు. అందుకే ఐసును వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుకు బదులుగా చూపకూడదు, అడిగినవాళ్లకు ఆ మత్తు అందకుండా చేయడానికి సాకుగా అసలే వాడకూడదు. చలువ తగిలితే వాతం చేస్తుందన్న పెద్దవాళ్ల జంకు మరొకటి. ఒక్కచోట కొద్దిసేపు తగిలే చల్లదనం ఒళ్లంతా చల్లబరచదని వాళ్లకు ఓపికగా చెప్పవచ్చు. గర్భిణి వద్దంటే మాత్రం మానేయాలి. వేడి కాపడం హాయిగా ఉందంటే అదే ఇవ్వాలి.

ఆదిలాబాద్ లాంటి చోట్ల ఇంకో జాగ్రత్త తప్పనిసరి. అక్కడి ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆ జబ్బున్నవాళ్లకు చలి సోకితే విపరీతమైన నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లకు ఐసు వాడకూడదు. రక్తపరీక్ష ఫలితం కాన్పు గదిలోని నర్సుకు ముందే తెలియాలి. మత్తు తీసుకుని స్పర్శ తెలియని ఒంటి మీదా ఐసు పెట్టకూడదు. అంటే ఐసు కన్నా ముందు కావలసింది పక్కనే ఉండి గమనించే మనిషి. తెలంగాణ ప్రభుత్వం 2017లో మిడ్‌వైఫ్ శిక్షణకు శ్రీకారం చుట్టింది కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే. అలాంటి నర్సులు ప్రతి కాన్పు గదిలో ఉండాలి. గర్భిణి కోరిన తోడును లోపలికి రానివ్వాలి. ఐసు, కాపడం, మర్దన అందుబాటులో ఉంచి, ఏది కావాలో ఆమెనే అడగాలి. ఆపరేషన్లు తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్న ప్రభుత్వం నొప్పి తగ్గించడాన్నీ లక్ష్యంగా రాసుకోవాలి. రెండోది లేకుండా మొదటిది అడగడమంటే భారమంతా తల్లి మీదే మోపడం.