బస్తాల తూకము, ఎడ్ల బలము

బండి మూడు గంటలలో సంత చేరెనన్నచో బరువెంతయో తెలియదు. ఎడ్ల బలమును, బాట తీరును ఆ లెక్కలో కలిసియుండును. బస్తాలను తూచినచో, ఎడ్లు మారినను తూకము మారదు.

కంప్యూటరు పనియు నట్టిదే. ప్రోగ్రామనగా యంత్రమున కిచ్చు ఆజ్ఞల వరుస. అది ముగియుటకు పట్టు కాలము యంత్రమునుబట్టి మారును. కాని ఆ ఆజ్ఞలలో కూడికలెన్ని, జ్ఞాపకమునుండి తెచ్చుకొనునవెన్ని, ఒకదాని ఫలమునకై వేచియుండునవెన్ని యను లెక్క ప్రోగ్రాము స్వభావము. ఆజ్ఞాభాష యొకటేయైనచో, యంత్రపు లోకట్టు మారినను ఇది మారదు.

బెల్జియములోని ఘెంటు విశ్వవిద్యాలయమున హోస్తె, ఈక్‌హౌట్ అను పండితులు 2006లో ఇట్టి లక్షణములను 47 కొలిచి, ముఖ్యమైనవి 8 చాలునని చూపిరి. యంత్రముపై నొకేతీరుగ నడచిన ప్రోగ్రాములు స్వభావమున వేరై యుండవచ్చుననియు తేల్చిరి. అట్టివి వేరొక యంత్రముపై సమముగ నడువకపోవచ్చును.

కావున ముందు బస్తాలను తూచి, పిమ్మట ఎడ్లను బేరమాడుట మేలు.