భద్రాచలం వరద – అపసమాచార నియంత్రణ: నిర్ధారణాధికారం ఎవరిది?

2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత అంతటి మట్టం మరొకటి లేదు. 43, 48, 53 అడుగుల వద్ద వెలువడే మూడు ప్రమాద హెచ్చరికలు ఆ తీరవాసులకు కంఠోపాఠం. నీరు ఎంత వచ్చిందో కొలబద్ద చెప్పింది. ఎందుకు వచ్చిందన్నదే వివాదమైంది.

మరునాడు భద్రాచలం వచ్చిన నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, విదేశాలు కావాలనే క్లౌడ్ బరస్ట్ సృష్టిస్తున్నాయన్న మాట వినిపిస్తోందని, అందులో నిజమెంతో తెలియదని వ్యాఖ్యానించారు. క్లౌడ్ బరస్ట్ అంటే ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల పరిధిలో గంటకు సుమారు 100 మిల్లీమీటర్లకు మించి కురిసే వాన. గోదావరి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అంతటి నదిని పొంగించినవి రోజుల తరబడి విస్తారంగా కురిసిన రుతుపవన వర్షాలు. మోసగించే ఉద్దేశంతో చేసేది దుష్ప్రచారం. ఆ ఉద్దేశం లేకుండా వ్యాపించే అసత్యం అపసమాచారం. సందేహంగా పలికిన ఆ మాటను దుష్ప్రచారమనడం న్యాయం కాదు. కాని పదవి గల నోట వెలువడినప్పుడు సందేహం కూడా వార్తగానే ప్రయాణిస్తుంది.

కొద్ది రోజులకే మరో వాదం మొదలైంది. పోలవరం ఎత్తు వల్లనే భద్రాచలానికి ముప్పని తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్ అన్నారు. ఆంధ్రప్రదేశ్ మంత్రులు దానిని ఖండించారు. 2014లో జరిగిన మార్పుతో పట్టణం తెలంగాణలో నిలిచింది, దిగువనున్న కూనవరం, వి.ఆర్. పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. నది ఒక్కటే, ప్రభుత్వాలు రెండు. వెనుక జలాల ప్రభావం సాంకేతిక అధ్యయనంతో తేలవలసిన ప్రశ్న. దానిని విదేశీ కుట్ర కథతో ఒకే గాటన కట్టరాదు. అయితే ఏది అసత్యమో నిర్ణయించే అధికారం ఈ రెండింటిలో ఏ ప్రభుత్వానికిచ్చినా రెండవది అంగీకరించదు.

2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలకు చేసిన సవరణలోని లోపమూ ఇటువంటిదే. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలపై వచ్చిన సమాచారం నకిలీదో, తప్పుడుదో, తప్పుదోవ పట్టించేదో కేంద్రం నియమించిన నిజనిర్ధారణ విభాగమే తేల్చేది. అలా గుర్తించినదాన్ని కొనసాగిస్తే సామాజిక మాధ్యమ సంస్థలు చట్టరక్షణను కోల్పోయే ప్రమాదం ఉండేది. భద్రాచలం వ్యాఖ్య నేరుగా ఆ పరిధిలోకి రాదు. తన వ్యవహారంలో తానే తీర్పరి కావడమన్న చిక్కు మాత్రం సమానమే. కునాల్ కామ్రా వ్యాజ్యంలో 2024 జనవరిలో బొంబాయి హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మధ్య భిన్న తీర్పులు వచ్చాయి. సెప్టెంబరులో మూడవ న్యాయమూర్తి ఎ.ఎస్. చందూర్కర్ సవరణ రాజ్యాంగ విరుద్ధమన్నారు.

మిగిలిన సాధనం 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్. విపత్తు గురించి గాని, దాని తీవ్రత గురించి గాని భయాందోళన కలిగించే తప్పుడు హెచ్చరికను అది శిక్షిస్తుంది. ‘కట్ట తెగింది’ అన్న పుకారుకు అది వర్తించవచ్చు. వరదకు తప్పుడు కారణం చెప్పడానికి వర్తించడం కష్టం. వర్తించకపోవడమే మేలు కావచ్చు. కారణంపై చర్చ నేరమైతే పోలవరం గురించి ప్రశ్నించే నిర్వాసితుడే ముందుగా చిక్కుతాడు.

శిక్ష కన్నా చేరువ ముఖ్యమని 2018లో జోగులాంబ గద్వాల చూపింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల వదంతులు వాట్సాప్‌లో చెలరేగినప్పుడు నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామానికొక పోలీసును పంపారు. జానపద కళాకారులతో పాట కట్టించారు. ఏజెన్సీ గ్రామాలలో ఆ పని కోయ భాషలోనూ జరగాలి. సవరించిన సమాచారం హైదరాబాదు వెబ్‌సైటులో తెలుగులో ఉన్నంత మాత్రాన కూనవరం కోయగూడేనికి చేరినట్లు కాదు.