రబ్బరు పాలకు చుట్టం, పంటి వేరుకు తోడు

మారేడుమిల్లిలో రబ్బరు తోటలు చూసే ఉంటారు. బెరడు మీద ఏటవాలుగా గాటు పెడితే తెల్లని పాలు బొట్టుబొట్టుగా చిప్పలోకి దిగుతాయి. ఆ పాలకు మలయా అడవుల్లో ఓ దగ్గరి చుట్టం ఉంది. దాని పేరు గట్టా పెర్చా. రెండూ ఐసోప్రీన్ గొలుసులే, అతుకు తీరే వేరు. అందుకే రబ్బరు సాగుతుంది. గట్టా పెర్చా గట్టిగా ఉండి, వేడి తగిలితే మెత్తబడుతుంది.

1843లో విలియం మాంట్‌గోమరీ అనే సర్జన్ దీన్ని ఐరోపాకు పరిచయం చేశాడు. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగైంది. 1867లో అమెరికాలో బౌమన్ అనే దంతవైద్యుడు దీన్ని పంటి వేరులో నింపాడు.

రూట్ కెనాల్‌లో డాక్టరు వాడే పుల్ల అగరుబత్తి పుల్ల కన్నా సన్నం, నారింజ రంగు. అందులో గట్టా పెర్చా సుమారు ఐదో వంతే, ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్. అది వేరు గోడకు తనంతట తాను అంటుకోదు, మధ్యలో సీలర్ పూత కావాలి. చల్లని పద్ధతిలో ముందు ఒక పుల్ల దింపుతారు. పక్కనే సన్నని స్ప్రెడర్ గుచ్చి, చోటు చేసి, చిన్న పుల్ల జొనుపుతారు. ఇంక పట్టదనేదాకా మళ్లీ మళ్లీ ఇదే పని. యంత్రం అక్కర్లేదు, కానీ పుల్లల నడుమ సందులు మిగలవచ్చు.

ఆ లోటు తీర్చడానికే 1967లో బోస్టన్‌లో హెర్బర్ట్ షిల్డర్ అనే దంతవైద్యుడు వేడి పద్ధతి వివరించాడు. కాగిన మొనతో మెత్తబరచి కిందికి అదిమితే, పదార్థం పక్క పాయల్లోకీ పారుతుంది. అయితే చల్లారుతూ కుంచించుకుపోతుంది. అందుకే అదిమి పట్టాలి. ఒక్కోసారి వేరు చివర దాటిపోతుంది కూడా.

మరి ఏది మేలు? 2007లో చైనా పరిశోధకులు 10 అధ్యయనాలను కలిపి చూశారు. తరవాతి నొప్పిలో, ఏళ్ల తరబడి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేరు దాటడం మాత్రం వేడి పద్ధతిలోనే ఎక్కువ.

కాబట్టి ఏజెన్సీలో చల్లని పద్ధతే దొరికిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. నింపడం కన్నా ముందు కడగడం ముఖ్యం. క్రిములున్న వేరును ఏ పద్ధతిలో నింపినా అది మళ్లీ చీము పట్టవచ్చు. ఉమ్మి లోపలికి పోకుండా పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించాలి. ఆ పలచని రేకును చాలావరకు రబ్బరు పాలతోనే చేస్తారు.

రంపచోడవరం నుంచి రాజమహేంద్రవరం పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే, నాకు తెలుసు. అయినా పోటు తగ్గిందని చికిత్స మధ్యలో మానేయకండి. పన్ను పీకించుకునే ముందు, నిలబెట్టే వీలుందా అని ఒక్క మాట అడగండి.