తెల్ల ప్లేటు, పసుపు ప్లేటు, కింద రోడ్డు

రాయ్‌పూర్ నగరాన్ని ఆనుకుని ఉన్న పారిశ్రామిక వాడ భన్‌పురి. ఉర్లా, సిల్తారా కర్మాగారాల ఇనుము మోసే లారీలతో అక్కడి బిలాస్‌పూర్ రోడ్డు ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. ఆ లారీల నడుమకు జపాన్ నుంచి దిగుమతైన వ్యాను ఒకటి వచ్చిందనుకుందాం. తెల్ల ప్లేటు తగిలిస్తే అది సొంత బండి, పసుపు ప్లేటు తగిలిస్తే కిరాయి బండి. ఇంజనూ అదే, టైర్లూ అవే, రోడ్డు పన్ను లెక్క మాత్రం వేరు. ఈ తేడాలో శాస్త్రం పాలెంత, ఖజానా సౌకర్యం పాలెంత?

వాహనాలపై పన్ను రాష్ట్రాల హక్కు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 57వ అంశం అది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ నాటి 1991 చట్టం వారసత్వంగా వచ్చింది. తెలుగు రాష్ట్రాలది 1963 చట్టం. రేట్లు వేరైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. సొంత కారుకు ధరలో ఇంత శాతమని లైఫ్ టాక్స్ ఒకేసారి కట్టాలి. కిరాయి బండికి సాధారణంగా సీట్లనో బరువునో బట్టి వాయిదాల్లో పన్ను పడుతుంది. మనవాళ్లు క్వార్టర్ టాక్స్ అనేది దాన్నే. దాంతోపాటు పర్మిట్ తీసుకోవాలి, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా బండిని ఫిట్‌నెస్‌కు పెట్టాలి.

కిరాయి తీసుకుంటేనే వాణిజ్య వాహనం అనుకుంటాం. 1988 మోటారు వాహనాల చట్టం అలా అనదు. డ్రైవరు కాక ఆరుగురికి మించి పట్టే బండిలో యజమాని తన వ్యాపార పని మీద మనుషులను తిప్పుతుంటే, పైసా తీసుకోకపోయినా అది రవాణా వాహనాల కోవలోకే వస్తుంది. భన్‌పురిలో ఒక ఫ్యాక్టరీ యజమాని తన పదిసీట్ల వ్యానులో కార్మికులను ఉచితంగా షిఫ్టుకు తీసుకొస్తే, తెల్ల ప్లేటు అతన్ని కాపాడదు. అదే వ్యానులో ఇంటిల్లిపాదినీ తీర్థయాత్రకు తీసుకెళితే పేచీ లేదు. మోసిన బరువు రెండుసార్లూ ఒకటే కావచ్చు. చట్టం చూసింది ప్రయోజనాన్ని.

దిగుమతి బండికి ఇంకో చిక్కుంది. చాలా రాష్ట్రాల్లో పన్ను లెక్కించే విలువలో కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది. అంటే సుంకం మీద మళ్లీ పన్ను. సుంకం ఎక్కువైనంత మాత్రాన ఆ బండి రోడ్డును ఎక్కువ అరగదీయదు కదా!

పన్ను కొలమానం తప్పితే ఏమవుతుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ 1920 ఆర్థిక చట్టం కార్లపై అశ్వశక్తికి ఒక పౌండు చొప్పున పన్ను వేసింది. ఆ అశ్వశక్తిని యంత్రంతో కొలవలేదు. సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించారు. పిస్టన్ ఎంత దూరం కదులుతుందన్నది లెక్కలో లేదు. వెడల్పు సిలిండర్లున్న అమెరికా కారు ఫోర్డ్ మోడల్ టీకి లెక్క 22 దాటింది; 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్‌కు ఎనిమిది లోపే. దాంతో బ్రిటిష్ ఇంజనీర్లు దశాబ్దాల పాటు సన్నటి, పొడవాటి సిలిండర్లు గీస్తూ కూర్చున్నారు. ఇంజను ఆకారాన్ని పన్ను సూత్రమే నిర్ణయించిందన్నమాట.

మరి రోడ్డు దేన్ని లెక్కపెడుతుంది? దీనికి జవాబు కోసం 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రం ఒట్టావా దగ్గర పరీక్ష రోడ్లు వేసి, వాటి మీద లారీలను లక్షలసార్లు తిప్పారు. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు మీది బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. మన దేశంలో ప్రమాణ ఇరుసు బరువు 8.16 టన్నులు. మనుషులతో కలిపి మూడు టన్నులు తూగే వ్యానులో ఒక్కో ఇరుసుపై ఒకటిన్నర టన్ను పడుతుందనుకుంటే, రెండూ కలిపి చేసే నష్టం ప్రమాణ ఇరుసు నష్టంలో సుమారు 440వ వంతు. 11.5 టన్నులు మోసే లారీ వెనుక ఇరుసు ఒక్కటే అలాంటి 1,700 వ్యాన్లకు పైగా చేసే నష్టంతో సమానం. ఆ ఇరుసు పరిమితి 2018 జులై దాకా 10.2 టన్నులే. 13 శాతం లోపు పెంపు కాగితం మీద చిన్నది. నాలుగో ఘాతం ప్రకారం నష్టం 62 శాతం పెరుగుతుంది.

కాబట్టి ప్లేటు రంగు రోడ్డుకు పట్టదు. పసుపు ప్లేటు వైపు న్యాయం ఒక్కటుంది, అది దూరం. కిరాయి వ్యాను రోజంతా తిరుగుతుంది, ఇంటి వ్యాను ఎక్కువసేపు గుమ్మం ముందే ఉంటుంది. పోనీ, తిరిగిన కిలోమీటర్లనైనా మన పన్ను లెక్కపెడుతోందా? లేదు. మీటరు చూడకుండానే అంచనా వేసుకుంటోంది.

రోడ్డు వాడకానికీ పన్నుకూ ఉన్న ముడిని 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు విశాఖ ఉక్కు కర్మాగారం కేసులో స్పష్టం చేసింది. ప్రహరీ గోడల మధ్య, అనుమతి ఉన్నవాళ్లే అడుగుపెట్టగల డిస్పాచ్ యార్డులో మాత్రమే తిరిగిన ఒక రవాణా సంస్థ వాహనాలకు ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ పన్ను వసూలు చేసింది. ఆ యార్డు బహిరంగ స్థలం కాదనీ, ప్రజల రోడ్డు ఎక్కని కాలానికి పన్ను వర్తించదనీ కోర్టు తేల్చి, రూ.22,71,700 తిరిగి ఇప్పించింది. ఈ తర్కం నాకు నచ్చింది. అయితే సున్నా కిలోమీటర్లకు సున్నా పన్ను అన్నప్పుడు, ఐదువేల కిలోమీటర్లకూ యాభైవేల కిలోమీటర్లకూ తేడా ఎందుకు ఉండకూడదు?

న్యూజిలాండ్ ఆ పని 1978 నుంచీ చేస్తోంది. అక్కడ డీజిల్ బండి యజమాని వెయ్యి కిలోమీటర్ల చొప్పున లైసెన్సు ముందే కొనుక్కోవాలి. బరువైన లారీలకు చక్రం మధ్యలో దూరం కొలిచే మీటరు బిగిస్తారు. రేటు బరువును బట్టీ ఇరుసుల అమరికను బట్టీ మారుతుంది. మూడున్నర టన్నుల లోపు డీజిల్ వ్యానుకు సొంతానికైనా కిరాయికైనా ఒకటే రేటు. ప్రయాణికుల భద్రత కోసం కిరాయి బండికి పెట్టాల్సిన ఫిట్‌నెస్, పర్మిట్ నిబంధనలు వేరే విషయం. వాటిని పన్నుతో కలిపి ముడివేయనక్కర్లేదు.

ఈ పద్ధతిని యథాతథంగా భన్‌పురికి తెచ్చినా లెక్క పూర్తికాదు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో కన్హార్ అనే నల్లరేగడి నేల ఉంది. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. మీద ఒక్క బండీ తిరగకపోయినా రోడ్డును కదిలిస్తుంది. వంతెనలకూ భూసేకరణకూ అయ్యే ఖర్చుకు కూడా ఇరుసు బరువుతో నేరుగా పొత్తు కుదరదు. ఆ ఉమ్మడి ఖర్చుకు బండికింతని స్థిరమైన రుసుము పెట్టి, అరుగుదలకు మాత్రం బరువు, దూరం ప్రకారం వసూలు చేయడం సబబు. అలా చేస్తే దిగుమతి వ్యాను రోడ్డు పన్ను బాగా తగ్గుతుంది, నిండుగా ఇనుము మోసే లారీది బాగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చివరికి ఇనుము ధరలో చేరుతుంది గనుక ఏ ప్రభుత్వమూ దీనికి తొందరపడదు.